సూది సగానికి రావట్లేదు

డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున తిప్పర్తి దాటుతుంటే కాళ్లు వణికి హీటర్ పెట్టాను. నాలుగేళ్లుగా ఈ కారు నడుపుతున్నా ఆ నాబ్ తిప్పింది అదే మొదటిసారి అనుకుంటా. నల్గొండలో కారు హీటరుతో ఎవరికి పని? వచ్చిన గాలి గోరువెచ్చగా కూడా లేదు. ఇదీ పోయిందా అనుకుంటూ మీటరు వైపు చూస్తే టెంపరేచర్ సూది కింది గీతకు కాస్త పైన కూర్చుని ఉంది. ఇంట్లో బయల్దేరి అప్పటికి అరగంట. ఈపాటికి సగానికి వచ్చి ఆగాలి.

నేను వేములపల్లి వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. రోజూ నల్గొండ నుంచి పోయిరావడమే. స్టాఫ్ రూంలో ఈ సంగతి చెబితే మా తెలుగు సారు నవ్వారు. "ఇంజన్ చల్లగుంటే మంచిదే కద టీచర్, మే నెలల అందరం మొక్కుకునేది అదేనాయె" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. ఎండ 45 దాటే జిల్లాలో పుట్టినవాళ్లకు హీటెక్కిన బండి తెలుసు, బానెట్ తెరిచి రోడ్డు పక్కన నిలబడటం తెలుసు. హీటెక్కని బండి కూడా ఒక జబ్బే అంటే ఎవరు నమ్ముతారు?

కానీ జబ్బే. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ దాని కంప్యూటర్ ఇంకా ఇప్పుడే స్టార్ట్ అయిందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. పెట్రోల్ కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి వేడికి ఎగిరిపోకుండా ఆయిల్లోకే దిగుతుంది. అనుమానం వచ్చి ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపలివైపు పాలమీగడలా తెల్లగా, జిగటగా అంటుకుని ఉంది. గుండె జారింది. ఇంజన్ నీళ్లు ఆయిల్లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయినా ఇలాగే ఉంటుందని ఎక్కడో విన్నాను. అయితే ఆయిల్ కొలిచే డిప్ స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగులోనే ఉంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ లేదు, డబ్బాలో నీళ్లు తగ్గట్లేదు. కాబట్టి అది వట్టి చెమ్మే. లీటరుకు 17 ఇచ్చే బండి 13కు ఎందుకు పడిందో కూడా అప్పుడు అర్థమైంది. అన్నిరోజులూ బంకు వాళ్లను తిట్టుకున్నాను పాపం.

సూది అబద్ధం చెబుతోందేమో అన్నది మొదటి అనుమానం. ఆన్‌లైన్లో ఆరు వందలకు ఒక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ తెప్పించాను. స్టీరింగ్ కింద పోర్టుకు తగిలిస్తే ఇంజన్ లెక్కలన్నీ ఫోన్లో కనిపిస్తాయి. తెల్లారి ఆరింటికి, రాత్రంతా బయట నిలబెట్టిన బండిలో, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూశాను. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, 16 డిగ్రీలు, లోపలికి పోయే గాలి 15. రాత్రంతా కదలని బండిలో ఈ రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. అంటే సెన్సర్ మంచిదే, సూదీ నిజమే చెబుతోంది. లోపల పీ 0128 అని ఒక కోడ్ కూడా దాచుకుని ఉంది. కూలెంట్ చేరాల్సిన వేడికి చేరట్లేదని దాని అర్థం.

ఆ రోజు ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని బడికి పోయాను. ఖాళీ రోడ్డు మీద 80 స్పీడులో 58 డిగ్రీలు. మిల్లుల దగ్గర వడ్ల ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని పాకుతుంటే 71, 74, 76 అని ఎక్కుతూ పోయింది. లైను దాటి మళ్లీ స్పీడు అందుకోగానే 60కి జారింది. గాలి తగిలితే చల్లారుతోంది, ఆగితే కాగుతోంది. రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరిగినా ఇంజన్ చల్లబడుతుంది కానీ మాది అసలు తిరగడమే లేదు, చెవి పెట్టి విన్నాను. ఇక మిగిలింది థర్మోస్టాట్ వాల్వు. ఇంజన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపే తలుపు అది. తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజన్ ఎప్పుడూ చన్నీళ్ల స్నానంలోనే ఉంటుంది.

ఆదివారం పొద్దున కొంగు నడుముకు బిగించి బానెట్ తెరిచాను. ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉండాలన్నది ఒక్కటే జాగ్రత్త. స్టార్ట్ చేసి ఇంజన్ నుంచి రేడియేటర్‌కు పోయే పైగొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాల్వు బాగుంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, తెరుచుకున్నాక ఉన్నట్టుండి కాలుతుంది. మాది రెండు నిమిషాలకే వెచ్చబడటం మొదలైంది, ఇంజన్‌తో పాటే మెల్లమెల్లగా. మా ఆయన గేటు దగ్గర పేపరు పట్టుకుని "జ్వరం చూస్తున్నవా ఏంది?" అన్నారు. నిజానికి అదే చూస్తున్నా.

మా వీధి చివర మెకానిక్ తమ్ముడి దగ్గరికి తీసుకుపోతే మొత్తం విని, పది నంబరు స్పానర్‌తో వాల్వు కూర్చునే హౌసింగ్ రెండు బోల్టులు విప్పాడు. తుప్పు రంగు నీళ్లు కారాయి. లోపలికి వేలు పెట్టి చూసి నా వైపు తిరిగాడు.

"మేడం, వాల్వు ఖరాబు కాలే. అసలు వాల్వే లేదు. ఎవరో తీసి పారేసిండ్రు."

ఎవరో కాదు. నేనే తీయించాను. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన మే నెలలో పెళ్లికి హైదరాబాద్ పోయి వస్తుంటే చిట్యాల దగ్గర సూది పైకి ఎక్కేసింది. హైవే పక్కన ఒక షెడ్డులో పావుగంట పని చేసి, నీళ్లు పోసి, "సెట్ చేసిన మేడం, ఇగ జిందగీల హీటెక్కది" అని మూడు వందలు తీసుకున్నారు. మాట తప్పలేదు. ఆ తర్వాత సూది ఎక్కనే లేదు. అది కింద ఉన్నందుకు ఇన్ని నెలలూ నేను సంతోషపడ్డాను కూడా! ఎండల్లో బయట ఉన్న వేడికి తేడా పెద్దగా తెలియలేదు, చలి రాగానే బయటపడింది.

మరి మేలో ఎందుకు హీటెక్కింది? అది చూడకుండా వాల్వు బిగిస్తే మళ్లీ చిట్యాలే. రేడియేటర్ విప్పితే గొట్టాల్లో తెల్ల సున్నం పేరుకుని సగం పూడిపోయి ఉంది. కూలెంట్ బదులు ఎన్నాళ్లుగానో బోరు నీళ్లు పోస్తున్నారు. మా జిల్లా బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. మా ఇంట్లో గీజర్ కాయిల్‌కూ ఇదే సున్నం పడుతుంది. రేడియేటర్ కడిగించడానికి, కూలెంట్‌కు, వాల్వుకు కలిపి రెండు వేల ఎనిమిది వందలు అయింది. అప్పటి మూడు వందలు దీనికి అడ్వాన్స్ అనుకున్నాను.

కొత్త వాల్వు కొన్న రోజు బిగించనివ్వకుండా ఇంటికి తెచ్చాను. దాని మీద 82 అని చెక్కి ఉంది, అంటే 82 డిగ్రీలకు తెరుచుకోవాలి, నిజమో కాదో చూడాలిగా. బడి ల్యాబ్ నుంచి 110 డిగ్రీల థర్మామీటర్ తెచ్చి, స్టవ్ మీద పాత గిన్నెలో నీళ్లు పెట్టాను. వాల్వు మూతను కొద్దిగా లాగి సందులో ఒక కుట్టుదారం ఇరికించి, ఆ దారంతోనే అడుగు తాకకుండా నీళ్లలో వేలాడదీశాను. మధ్యలో ఉన్న ఇత్తడి గొట్టంలో మైనం ఉంటుంది. అది కరిగి ఉబ్బితే కడ్డీని తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. అంతే యంత్రం, కరెంటు లేదు, వైరు లేదు. 70 దాటింది, కదల్లేదు. 80. మా చిన్నోడు స్టూలెక్కి చూస్తున్నాడు. 83 దగ్గర సందు తెరుచుకుంది, దారం జారిపోయి వాల్వు టంగుమని గిన్నె అడుగున పడింది. వాడు చప్పట్లు. మా అత్తమ్మ మాత్రం "ఇగ ఆ గిన్నెల చాయ్ పెట్టకు బిడ్డా" అన్నారు. సోమవారం గిన్నెతో సహా అన్నీ తొమ్మిదో తరగతికి తీసుకుపోయాను.

బిగించేటప్పుడు మెకానిక్ తమ్ముడు నాకో పాఠం చెప్పాడు. వాల్వు అంచుకు చిన్న రంధ్రం, అందులో వదులుగా ఆడే మేకు ఉంటుంది. "గిది పైకే ఉండాలె మేడం. లేకుంటే లోపల గాలి ఇరుకుతది." నేను దాన్ని తయారీలో మిగిలిపోయిన ముక్క అనుకున్నాను.

ఇప్పుడు ఊరు దాటి కాసేపటికే 84, ఇక అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు. మైలేజీ 16కు వచ్చింది. కానీ సూది సగానికి వచ్చి నిలబడితే నాకు టెన్షన్‌గా ఉంటోంది, కాలు దానంతటదే ఎక్సలేటర్ మీది నుంచి లేస్తోంది.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ పోతూ చిట్యాల దగ్గర చాయ్‌కి ఆగాం. ఆ షెడ్డు పక్కనే. కుర్రాడు కారును గుర్తుపట్టి నవ్వుతూ వచ్చాడు.

"ఏం మేడం, మళ్ల హీటెక్కిందా?"

"లేదు తమ్మీ, అస్సలు ఎక్కలే" అన్నాను.