ఎలుక ఎంతసేపు మీట నొక్కుతుంది?

ఫ్రాన్స్‌లోని బోర్డోలో నేను పనిచేసే గది పగలంతా చీకటిగానే ఉంటుంది. ఎలుకలు రాత్రిపూట తిరిగేవి కాబట్టి వాటి రాత్రిని మా పగటికి మార్చేస్తాం. వాటి కంటికి పెద్దగా ఆనని మసక ఎర్ర దీపం కింద పని. డిసెంబరులో చీకట్లో లోపలికి వెళ్లి చీకట్లోనే బయటికొస్తాను. ఫ్రెంచి భాష కంటే ఈ వెలుతురు లేకపోవడమే నాకు ఎక్కువ కష్టమైంది.

పెట్టెలో ఎలుక మీట నొక్కితే తియ్యటి గుళిక పడుతుంది. మొదట ఒకసారి నొక్కితే చాలు. తర్వాత ప్రతి గుళికకూ నొక్కాల్సిన లెక్క పెరుగుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఎలుక ఇక చాలనుకుని ఆగిపోతుంది. నేను రాసుకునేది ఆ చోటునే. మెదడు కణాల మీద రసాయన సంకేతాలను అందుకునే సీబీ1 అనే రిసెప్టర్లను మందుతో మూసేస్తే అది చాలా ముందే మానుకుంటుంది. కోరికను కదిలించే డోపమైన్ అనే రసాయనాన్ని విడిచే కణాలను అదుపులో పెట్టే నరాల కొసల మీద ఈ రిసెప్టర్లు ఉంటాయి. మెదడు తనంతట తాను తయారుచేసుకునే, గంజాయిలోని పదార్థంలా పనిచేసే రసాయనాలు వాటిని తాకితే ఆ అదుపు సడలుతుంది, కోరిక కదులుతుంది. ఆకలి వేయడం వేరు, తిండి కోసం శ్రమపడాలనిపించడం వేరు.

ఇక్కడి తెలుగువాళ్లకి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరైనా పారిస్ వెళ్తున్నారంటే లా షపెల్ దగ్గరి శ్రీలంక తమిళుల కొట్లలో కరివేపాకు తెమ్మని ముందురోజే ఫోన్ చేస్తాం. రైల్లో రెండు గంటల దూరం. కడుపు నింపుకోవడానికైతే వీధి చివర సూపర్‌మార్కెట్ చాలు. ఆకలికీ వాసనకూ ఉన్న సంబంధం బోర్డోలోనే తేలింది. పస్తున్న ఎలుకల మెదడులో వాసన పట్టే భాగంలో ఆ గంజాయిలాంటి రసాయనాలు పెరిగి, సీబీ1 ద్వారా వాసనను మరింత బాగా పసిగట్టేలా చేసి, ఎక్కువ తినిపిస్తాయని ఇక్కడి శాస్త్రవేత్తలు 2014లో చూపించారు.

మొన్న గుంటూరు నుంచి బావగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, మీ ల్యాబులో ఆకలి చంపే మాత్ర ఏదైనా ఉందా?" అని. ఒకప్పుడు ఉండేదండీ అని రిమోనాబాంట్ కథ చెప్పాను. సీబీ1ను మూసే మందు అది, 2006లో యూరప్‌లో అమ్మకానికొచ్చింది. బరువు నిజంగానే తగ్గించింది. కానీ దిగులు, ఆందోళన, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. అమెరికా అనుమతి ఇవ్వలేదు. యూరప్ 2008 అక్టోబరులో అమ్మకాలు ఆపించింది, మరుసటేడు మన దేశమూ నిషేధించింది. తిండి మీద ఆశ పుట్టించే చోట్లలోనే మిగతా ఆశలూ పుడతాయి మరి. అంతటా ఒకేసారి తలుపు మూస్తే మనిషి ఏమవుతాడో ఆ మందు వాడినవాళ్లు అనుభవించారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

పైగా ఈ రిసెప్టర్ అన్ని కణాల్లో ఒకేలా పనిచేయదు. పక్క కణాలను ఉత్తేజపరిచే కణాల మీదున్నది తిండిని పెంచుతుంది, అణిచే కణాల మీదున్నది తగ్గిస్తుంది. 2010లో ఇదీ బోర్డోలోనే తేలింది. అందుకే ఇప్పుడు ఒక్కో రకం కణంలో మాత్రమే సీబీ1 తీసేసిన ఎలుకలను మీట దగ్గర కూర్చోబెడుతున్నాం.

బావగారిని మాత్రం ఆన్‌లైన్‌లో ఏ మాత్రా కొనొద్దనీ, తన షుగర్ డాక్టరునే అడగమనీ చెప్పాను.