పోరులో మరిచిన సంధి

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు పల్నాటి వీరచరిత్ర పుస్తకం తెరవకముందే బల్లమీద వేళ్లతో దరువు వేశారు. గురులఘువుల కూర్పులైన గణాల దరువు అది: పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ అదే నడక. శృంగారనైషధంలో అంతంత సమాసాలు కట్టిన శ్రీనాథుడు, 12వ శతాబ్దంలో ఒకే ఇంటివారు కారంపూడిలో కత్తులు దూసుకున్న కథకు మంజరీద్విపదను ఎందుకు ఎంచుకున్నాడో చెప్పమన్నారు.

నేను లేచి, ద్విపదలో రెండు పాదాలను ప్రాస, అంటే రెండో అక్షరాల పోలిక, ముడివేస్తుందనీ, మంజరిలో ఆ ముడి ఉండదు కనుక అది సవతి సోదరులైన నలగామరాజు, మలిదేవరాజుల మధ్య తెగిన బంధానికి గుర్తనీ గర్వంగా చెప్పాను. "మరి అన్నమయ్య శృంగారమంజరిలో ఎవరికి తగువు?" అన్నారాయన. అది పాడుకునే కథ అనీ, ప్రాస నియమం లేకపోతే కథకుడికి ఊపిరి సలుపుతుందనీ, ఛందస్సుకు అర్థం అంటగట్టే ముందు దాని పని చూడాలనీ వివరించారు. ఇప్పుడు ఏ కవిత చదివినా నాకు మొదట అడ్డుపడేది ఆ ప్రశ్నే.

భాష దగ్గరికి వచ్చాక మాస్టారు మమ్మల్ని కోడిపందెం దగ్గరా, బాలచంద్రుడి బొంగరం దగ్గరా చాలాసేపు ఆపారు. పందెంలో ఓడినవారు రాజ్యం వదిలిపోవడం, బొంగరం తగిలి గాయపడిన స్త్రీ ఎత్తిపొడుపుతో కుర్రవాడు రణానికి కదలడం చూపి, ఈ కథలో ఆటమాటలే యుద్ధపు మాటలవుతాయని, ఆ మార్పు ఎక్కడ జరిగిందో గీత గీసి చూపించలేమని అన్నారు.

ఆ ఉత్సాహంలో నేనూ ఒక పాదం కట్టాను: "అన్నదమ్ముల పోరు ఆరని మంట." గణాలు సరిపోయాయి, యతి కుదిరింది. మాస్టారు ఎర్రసిరాతో "పోరు" కింద గీత గీసి, "ఉత్వసంధి నిత్యం, ఉకారం తరవాత అచ్చు వస్తే కలిసి తీరాలి. పోరారని అయితే నీ గణాలేవి? పోరు గురించి రాస్తూ సంధి మరిచావా?" అన్నారు. మలిదేవరాజు తరఫున సంధి మాటలకు వెళ్లిన అలరాజు రాయబారం పాఠం విని వారమైనా కాని మేము పగలబడి నవ్వాము. ఆయన "అన్నదమ్ముల యుద్ధ మారని మంట" అని దిద్దారు. లక్షణం నిలిచింది గాని నాకు రుచించలేదు. యుద్ధం రాజులది, పోరు ఇంటిది.

ఈ సంచికకు వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ల తరవాత, ఒక్క అక్షరం మార్పు తట్టింది: "అన్నదమ్ముల పోరె యారని మంట." సంధి లేని చోట రెండు అచ్చుల మధ్య యకారం చేరే యడాగమం వస్తుందన్న సూత్రం ఆయన నేర్పినదే. గురులఘువులు మాస్టారే సరిచూడాలి.