దీపం పెట్టినంక సూది ముట్టొద్దు

జనవరి 20

పొద్దున్నే ఐదున్నరకి ఫోను మోగింది. ఆ వేళప్పుడు మోగితే అమ్మకేమైనా అయిందేమోనని నాకు గుండె జారిపోతుంది. కాదు, పాప బడి నుంచి రికార్డు చేసిన గొంతు. చలి ఎక్కువగా ఉంది కాబట్టి ఇవాళ సెలవు. మంచు పడిందంటే ఈ ఊళ్ళో అంత తేలిగ్గా సెలవివ్వరు. చలికిచ్చారంటే అది గట్టి చలే.

చూస్తే మైనస్ 28. ఇది ఇక్కడి ఫారన్‌హీట్ లెక్క. మనకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే మైనస్ 33 డిగ్రీలు. గాలి కూడా కలిస్తే ఒంటికి మైనస్ 50 ఫారన్‌హీట్‌లా తగులుతుందట. ఆ గాలిలో గ్లవుజు లేకుండా నిలబడితే ఐదు పది నిమిషాల్లో వేళ్ళు గడ్డకడతాయి. "మైనస్ 40 దగ్గర రెండు లెక్కలూ ఒకటే తెలుసా?" అన్నాడు మా ఆయన. అమెరికాలో ఈ మినియాపొలిస్ పక్కకి వచ్చి పన్నెండేళ్ళయింది. పన్నెండు చలికాలాలూ ఈ మాట విన్నాను.

ఆరుబయట పెట్టిన కారు కదల్లేదు. ఆయన రెండుసార్లు వెళ్ళి, ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయని లోపలికొచ్చి, ల్యాప్‌టాప్ తీసుకుని పైగదిలోకి వెళ్ళిపోయాడు. ఇలాంటి రోజుల్లో ఇల్లు కూడా చప్పుడు చేస్తుంది. పైకప్పులో కట్టెలు బిగుసుకుపోయి ఠప్‌మంటాయి. వచ్చిన మొదటి ఏడాది ఎవరో దొంగ అనుకుని ఇద్దరం మంచం దిగకుండా రాత్రంతా కూర్చున్నాం.

వంటింట్లో కొబ్బరినూనె రాయి. చెంచాతో గీకి పాప మడమలకి రాశాను. పెరుగు మామూలుగా పెడితే తోడుకోదు కాబట్టి ఓవెన్‌లో లైటు వేసి అందులో పెట్టాలి. నిన్నటి నుంచి దోసెల పిండి కూడా అక్కడే ఉంది. ఆ ఓవెన్‌లో ఏదైనా బేక్ చేసి ఎన్నాళ్ళయిందో.

ఎనిమిదింటికి కిటికీలోంచి పాప అరిచింది, మూడు సూర్యుళ్ళు వచ్చారని. నిజంగానే మూడు. అసలు సూర్యుడికి అటొకటి ఇటొకటి, ఇంద్రధనుస్సు ముక్కల్లాంటి వెలుగులు. గాలిలో తేలే మంచు పలుకులు ఎండని వంచితే ఇలా కనిపిస్తుంది. ముగ్గురుండీ ఒక్కరికీ వేడి లేదు.

'పుష్యమాసాన పూస గుచ్చ పొద్దుండదు' అని మా అమ్మ అనేది. మా నిర్మల్ వైపు పొద్దు ఎంత చిన్నదైనా ఒక హారానికి సరిపడా పూసలు గుచ్చవచ్చు. ఆ సామెత అసలు ఈ దేశంలో పుట్టాల్సింది. ఇక్కడ సూర్యుడు ఏడూ ముప్పావుకి వస్తాడు. ఐదింటికల్లా వెళ్ళిపోతాడు. నాకు గుచ్చడానికి పూసలు లేవు గానీ, కుట్టడానికి ఒక బొంత ఉంది.

నిరుడు ఇండియా వెళ్ళొచ్చినప్పుడు అమ్మ సూట్‌కేసులో మూడు నూలు చీరలు పెట్టింది. రెండు మామిడికాయ తొక్కు సీసాలకి చుట్టి ఉన్నాయి. ఒక దాని మీద నూనె మరక, రెండుసార్లు ఉతికినా పోలేదు. మూడోది నారాయణపేట చీర, ముదురాకుపచ్చ గళ్ళు, ఎర్రంచు. దాన్ని విడిగా ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. కవర్లో ఎందుకబ్బా అనుకున్నాను గానీ, అమ్మ దేన్నైనా కవర్లో పెడుతుంది కదా అని ఊరుకున్నాను. "పాత చీరలు పెట్టిన, బొంత కుట్టుకో, అక్కడ చలి అంటవు గద" అంది అప్పుడు. అవి సంవత్సరంగా అల్మారాలో ఉన్నాయి.

కుట్టేముందు అమ్మకి వీడియో కాల్ చేశాను. ఇక్కడ పొద్దున ఎనిమిదింబావు, అక్కడ రాత్రి ఏడూ ముప్పావు.

"గిప్పుడా? దీపం పెట్టినంక సూది ముట్టొద్దని తెల్వదా నీకు?"

"ఇక్కడ పొద్దునే అమ్మా."

"ఇక్కడ చీకటి పడ్డది కదనే. నేను చెప్పుడు, నువ్వు కుట్టుడు, ఇద్దరిదీ ఒక్కటే పని."

రెండు దేశాలకీ పదకొండున్నర గంటలు తేడా. ఇక్కడ వెలుగున్నంతసేపూ అక్కడ చీకటే. ఈ లెక్కన నేను జన్మలో సూది పట్టకూడదు. అదే చెప్పాను. నవ్వింది. నవ్వి, గొంతు తగ్గించి అన్నీ చెప్పింది. ముందు నేల మీద పరుచు, ముడత రానియ్యకు, నాలుగు మూలలా బరువు పెట్టు, పొడుగు టాకాలు వెయ్యి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ లోపలికి రా. నడుమ నుంచి మొదలుపెడితే ఉబ్బుతది. దబ్బనం వద్దు, సన్న సూదే పట్టు. అంతా అయ్యాక, "మాకూ ఆరు డిగ్రీలాయె, చేతులు కొంకర్లు పోతున్నయి" అంది. ఆదిలాబాద్ వైపు ఆరంటే చిన్న చలేం కాదు. ఇక్కడ ఎంతో చెప్పాను. ఫోను చెడిపోయి తప్పు చూపిస్తోందేమో చూసుకోమంది.

మా ఇంట్లో బొంత అంటే చలికాలం ముందు ఊళ్ళోకి వచ్చే ఒకావిడ. ఆమె పేరేమిటో మాకు తెలీదు, 'బొంతలామె' అనేవాళ్ళం. అరుగు మీద పాత చీరలు, నాయన పంచెలు పరిచి, ఇసుర్రాయి ఒక మూల పెట్టి కూర్చునేది. లోపలికి చిరిగినవి, పైకీ కిందికీ ఉన్నవాటిలో మంచివి. బొంతకింత అని డబ్బులు, మధ్యాహ్నం అన్నం. మూడు రోజులకి ఒకటి అయ్యేది. కొత్త బొంత బరువుకి పక్కమీద అటూ ఇటూ మెదలనిచ్చేది కాదు. ఆ బరువుకే నిద్ర పట్టేది.

అలాంటి బొంతనే హైదరాబాదు హాస్టల్‌కి తీసుకెళ్ళి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చిన్నబోతుంది. గదిలో మిగతా ముగ్గురికీ మెత్తటి మెరిసే రగ్గులు. నాది అమ్మ చీరలు, కనిపిస్తూ. "అది కప్పుకోవడానికా?" అని ఒకమ్మాయి మామూలుగానే అడిగింది. "కాదు, పరుపు కింద వేసుకోవడానికి" అన్నాను. అన్నాక వేసుకోవాలి కదా. మూడేళ్ళు దాని మీద పడుకుని, పైన పలచటి దుప్పటితో వణికాను.

ఇక్కడికొచ్చాక పక్కింటి పెద్దావిడ ఇంట్లో గోడకి వేలాడదీసిన క్విల్టు, అదే వాళ్ళ బొంత, చూసి నోరెళ్ళబెట్టాను. ఆవిడకి డెబ్బై దాటాయి. ప్రతి చలికాలం, ఇదీ ఒక చలేనా అన్నట్టు, 1996 ఫిబ్రవరి 2న ఉత్తరాన టవర్ అనే ఊళ్ళో మైనస్ 60 పడిందనీ, ఆ రోజు గవర్నరు రాష్ట్రమంతటా బళ్ళు మూయించాడనీ చెబుతుంది. ఆవిడకి ఒక గది నిండా గుడ్డలే. అన్నీ కొత్తవి. ఫ్యాట్ క్వార్టర్ అంటారట, 18 అంగుళాలు ఇంటూ 22 కొలతతో కోసిన ముక్కలు. కొత్త గుడ్డ కొని, దాన్ని గుండ్రటి బ్లేడుతో ఇంకా చిన్న ముక్కలు చేసి, పావంగుళం కుట్టుకి వదిలి మళ్ళీ అతికించడం ఏమిటో నాకు మొదట్లో అర్థం కాలేదు. చిరగని గుడ్డని చింపి కుట్టడమంటే మా అమ్మ నమ్మదు. కానీ ఆవిడ కుట్టిన మూలలు చూస్తే ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. అది వేరే విద్య, ఒప్పుకోవాలి.

ఆవిడ నన్ను ఒకసారి వాళ్ళ లూథరన్ చర్చి కింద గదికి తీసుకెళ్ళింది. అక్కడ ముసలమ్మలు పది మంది దాకా పెద్ద బల్ల చుట్టూ నిలబడి క్విల్టులు కడతారు. కుట్టరు, నిజంగానే కడతారు. పై గుడ్డ, నడుమ మందం, కింది గుడ్డ మూడింటినీ గుచ్చి అక్కడక్కడా దారంతో ముడి వేస్తారు. అరవై అంగుళాలు ఇంటూ ఎనభై. యుద్ధాలు, భూకంపాలు వచ్చిన దేశాలకి పంపుతారు. అక్కడ మాత్రం ఎవరూ కొత్త గుడ్డ కొనరు. పాత దుప్పట్లు, కర్టెన్లు, చచ్చిపోయిన భర్తల చొక్కాలు. నేను ముడులు వేశాను. చేతి వాటం బాగుందన్నారు. ఈ వారం చలికి అదీ రద్దు.

అలబామాలో జీస్ బెండ్ అనే చోటు గురించి చెప్పింది కూడా ఆవిడే. పత్తి చేలల్లో పని చేసిన నల్లజాతి ఆడవాళ్ళు, అరిగిపోయిన పొలం బట్టలు చింపి కుట్టుకున్న బొంతలు అవి. 2002లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం గోడల మీదికి ఎక్కాయి. 2006లో తపాలా బిళ్ళలు కూడా వేశారు. పుస్తకం తెరిచి చూపిస్తే ఒకదాంట్లో ప్యాంటు మోకాలి దగ్గర వెలిసిన మరక అలాగే ఉంది. నాకు హాస్టల్ గదిలో పరుపు కింద పెట్టింది గుర్తొచ్చి, కాఫీ బాగుందండీ అని మాట మార్చాను.

సరే, ఇవాళ. టీపాయ్ జరిపి, హాల్లో చీరలు పరిచాను. ఇసుర్రాయి లేదు కాబట్టి ఒక మూల ఐదు లీటర్ల కుక్కరు, రెండు మూలల కందిపప్పు, మినప్పప్పు డబ్బాలు, నాలుగో మూల మా ఆయన కొని వాడని డంబెల్. పాప మంచానికి సరిపోవాలంటే వెడల్పు చాలదు, చీర చీరలా మడిస్తే కుదరదు. ప్రతి చీరనీ ఆరడుగుల చొప్పున మూడు ముక్కలు చెయ్యాలి. రెండు ముక్కలు పక్కపక్కన కలిపితే ఒక పొర. మూడు చీరలకి తొమ్మిది ముక్కలు, నాలుగు పొరలు, ఒక ముక్క మిగులు. మందానికి మధ్యలో పాత దుప్పటి.

కత్తెర తీశాను. పెట్టలేకపోయాను. తొక్కు చీరల సంగతి సరే, నారాయణపేటది ఇంకా గట్టిగా ఉంది. అరగంట టీ తాగుతూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. అమ్మ బొంతకే కదా ఇచ్చింది అని చివరికి అంచు దగ్గర చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని లాగాను. నూలు చీర పోగు వెంబడి పోతుంది, గీత గీసినట్టు. ఆ చప్పుడుకి పాప పరిగెత్తుకొచ్చి "నేనూ, నేనూ" అంది. రెండోసారి అదే చింపింది. అవతలి అంచు దగ్గర మాత్రం ఆగిపోతుంది, అక్కడ మళ్ళీ కత్తెర పడాల్సిందే.

ఈ హీటరు గాలికి ఇల్లంతా ఎండిపోయి ఉంటుంది. దుప్పట్లో పాలిస్టర్ ఉందేమో, పరుస్తుంటే చిటపటమంటూ చేతికి అంటుకుంది. దారం చుట్టుకుపోయి ముడులు. స్ప్రే సీసాతో నీళ్ళు చల్లితే దారికొచ్చింది.

మధ్యాహ్నం రెండింటికల్లా టాకాలయ్యాయి. చుట్టూ రెండు వరసలు కుట్టాను. మూడో వరసలో ఒక జానెడు పాప కుట్టింది, కొలత లేకుండా, ఒకటి మినప గింజంత, ఒకటి చిక్కుడు గింజంత. ఇంతలో సూది పోయింది. కార్పెట్‌లో సూది పోతే ఎంత టెన్షనో చెప్పలేను. పాపని సోఫా ఎక్కించి, దిగొద్దని చెప్పి, ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతం తీసుకుని నేలంతా పాకాను. రెండు పిన్నులు, ఒక స్టేపుల్ పిన్ను దొరికాయి. పైనుంచి మీటింగు వదిలేసి వచ్చి ఆయన కూడా టార్చి పట్టాడు. ఇరవై నిమిషాలు. చివరికి పాప చూపించింది. నా స్వెటర్ భుజానికి గుచ్చి ఉంది, దారం వేలాడుతూ. అమ్మ అచ్చం ఇలాగే జాకెట్ భుజానికి గుచ్చుకునేది. నేనెప్పుడు గుచ్చుకున్నానో నాకే తెలీదు.

ఐదింటికి చీకటి. అమ్మ మాట గుర్తొచ్చి కాసేపు ఆగాను. తర్వాత, అక్కడ తెల్లవారడానికి ఇంకెంతో సేపు లేదులే అని నాకు నేనే సర్ది చెప్పుకుని ఇంకో వరస కుట్టాను.

రాత్రి ఎనిమిదింటికి అమ్మే చేసింది. కెమెరా తిప్పి చూపించాను. కుట్లు బాగున్నాయంది. పాప కుట్టిన జానెడు చూసి "ఇదెవరిదో నాకెరుకే" అంది. తర్వాత ఆగింది.

"ఆకుపచ్చది గది ఏంది?"

"నారాయణపేటది అమ్మా, నువ్వు పెట్టిందే."

"అది బొంతకని ఎవరు చెప్పిన్రే నీకు? తొక్కుకు చుట్టినయే బొంతకు. అది కట్టుకొమ్మని పెట్టిన. అందుకేగా కవర్ల పెట్టింది!"

నాకు మాట రాలేదు. అటు నుంచి కూడా కాసేపు చప్పుడు లేదు, వెనకాల ఎవరో వాకిలి ఊడుస్తున్న శబ్దం తప్ప.

"ఎన్ని తునకలు చేసినవ్?"

"మూడు."

"కొంగెక్కడ?"

చూశాను. మిగిలిన తొమ్మిదో ముక్క అదే. మడిచి సోఫా చేతి మీద పెట్టి ఉంది.

"బయటనే ఉందమ్మా."

"నయం. దాన్ని లోపలికి పోనియ్యకు. నడిమిట్ల పైనేసి కుట్టు, కండ్లకు కనవడాలె." మళ్ళీ తనే అంది, "అయినా ఆ చలిల చీర ఎప్పుడు కడుతవ్ తియ్యి. కప్పుకో."

ఇప్పుడు నడుమ వేసిన టాకాలన్నీ విప్పాలి. బొంత హాల్లోనే ఉంది, కుక్కరుతో సహా. రేపు పప్పు వండాలంటే ఆ మూల ఏదో ఒకటి వెతకాలి. ఇది రాస్తుండగానే ఫోను మోగింది. రేపు కూడా బడి లేదట.