పక్కనోడి దగ్గర గన్నుంటే ఆగుతాడా?

అమెరికాలో కాల్పులు జరిగితే మా అనంతపురం టీ బంకుల్లో ఒకటే మాట: జనం దగ్గరా గన్నులుంటే కాల్చేవాడికంత తెగింపు వచ్చేదా అని. మొదలైన కాల్పుల్ని ఆపడం వేరు, మొదలెట్టకుండా జంకించడం వేరు. 2000–2013 నడుమ జరిగిన ఇలాంటి 160 కాల్పుల ఘటనల్ని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరిశీలించింది. పోలీసులు కానివాళ్లు ఎదురు కాల్చాక ముగిసినవి 5. అందులోనూ నాలుగు సెక్యూరిటీ గార్డులవే, మామూలు పౌరుడిది ఒక్కటే. ఉత్త చేతులతో పట్టుకున్నవి మాత్రం 21!

2022లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం గ్రీన్‌వుడ్ మాల్‌లో ఒక యువకుడు దుండగుణ్ని క్షణాల్లోనే కూల్చాడు, నిజమే. అప్పటికే ముగ్గురు పోయారు. 2021లో కొలరాడో రాష్ట్రం ఆర్వాడాలో ఇంకా ఘోరం. దుండగుణ్ని కాల్చి వాడి రైఫిల్ చేతికి తీసుకున్న మనిషిని, వీడే హంతకుడనుకుని పోలీసు కాల్చేశాడు.

చావడానికే వచ్చినోడు దేనికి జంకుతాడు? తొలి తూటా ఎప్పుడూ కాపు కాసినోడిదే. 2005లో ఇదే ఊళ్లో, పార్టీ ఆఫీసు దగ్గరే, గన్‌మెన్ ఉండగానే పరిటాల రవిని చంపలేదా?