నాన్నగారి చొక్కాకి రెండు రంగులు

మా నాన్నగారికి వక్కపొడి రంగు టెరీకాటన్ చొక్కా ఒకటుంది. 1976లో మేష్టారుగా ఉద్యోగంలో చేరినప్పుడు కుట్టించుకున్నారు. ఎండకీ ఉతుకుకీ వెలిసిపోయి ఇప్పుడు పల్చటి టీ రంగుకి దిగింది. కాలరు మాత్రం ఇంకా ముదురు వక్కపొడే. కొత్తగా చూసినవాళ్ళు కాలరుకి వేరే గుడ్డ వేశారనుకుంటారు. కాదు, అదే గుడ్డ. మెడ దగ్గర మడత మీద పీచు లేచిపోతే మా ఊరి టైలరు బ్లేడుతో కుట్లు విప్పి, కాలరు తిరగేసి మళ్ళీ కుట్టాడు. ఇన్నేళ్ళూ కిందివైపు ఉండి ఎండ మొహం చూడని గుడ్డ పైకొచ్చింది, చిరుగు లోపలికి పోయింది. ఆ కాలరు కొసలు అప్పటి ఫ్యాషన్ ప్రకారం దాదాపు జేబు దాకా వేలాడతాయి.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర. అప్పట్లో మంచి గుడ్డ కొనాలంటే ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సెక్కి కాకినాడ వెళ్ళేవారట. నాన్నగారూ, ఆయనతోపాటే ఉద్యోగం వచ్చిన స్నేహితుడూ కలిసి వెళ్ళి, ఒకే తానులోంచి చెరో రెండుంబావు మీటర్లు చింపించుకున్నారు. తిరిగొచ్చేసరికి ఆఖరి పంటు వెళ్ళిపోయిందనీ, గుడ్డల పొట్లం తలకింద పెట్టుకుని రేవులోనే పడుకున్నామనీ చెబుతారు. ఈ కథ మేం పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాం. ఒక్కోసారి ఆ రాత్రి వాన కూడా పడుతుంది.

చొక్కా కన్నా ప్యాంటు చరిత్ర పెద్దది. పాతిక అంగుళాల బెల్‌బాటం. ఫ్యాషన్ పోయాక పాదాల దగ్గర నరికించి మామూలు ప్యాంటు చేయించారు. ఆ నరికిన ముక్కలతో అమ్మ సంచి కుట్టించింది. అయినా ఆయన ఇప్పటికీ దాన్ని బెల్‌బాటం అనే అంటారు. ఒకసారి ఇస్త్రీ చేస్తూ తిరగేసి చూశాను. వెనక నడుము కుట్టు దగ్గర లోపల రెండంగుళాల గుడ్డ వదిలి ఉంది. దాని మీద సూది కన్నాల వరసలు మూడు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇరవై ఎనిమిది నడుము. నలభై దాటాక పొట్ట పెరిగింది, అప్పుడు వదులు చేశారు. సుగరొచ్చి చిక్కాక మళ్ళీ లోపలికి పట్టారు. ఇప్పుడు మనం కొనే రెడీమేడ్ ప్యాంట్లలో చాలావాటికి ఆ గుడ్డ వదలరు. పొట్ట పెరిగితే ప్యాంటే మార్చాలి.

ఆ ప్యాంటుని నేనొకసారి అమ్మేశాను. అమ్మేశానంటే, స్టీలు సామాన్ల ఆవిడకి వేశాను. సంక్రాంతికి ఇల్లు దులుపుతున్నాం, వీధిలో "పాత బట్టలకి స్టీలు గిన్నెలండీ" అని కేక వినపడింది. నాన్నగారు ఇంట్లో లేరు. చేతికందిన మూట ఇచ్చి, బేరమాడి, మూడు గిన్నెల క్యారేజీ తీసుకున్నాను. అమ్మ కూడా పక్కనే ఉంది, మెచ్చుకుంది కూడా. ఆ తర్వాత మాత్రం "నేను వద్దంటూనే ఉన్నాను" అంది.

నాన్నగారు వచ్చి దండెం వైపు చూసి, "అమ్మాయ్, నా బెల్‌బాటం ఏదీ?" అన్నారు. చెప్పాను. ఏమీ అనలేదు. క్యారేజీ పుచ్చుకుని బయటికెళ్ళిపోయారు. ఆవిడ కాలవ గట్టు మీద చెట్టుకింద అన్నం తింటూ దొరికిందట. తినేదాకా ఆగి అడిగితే, "గుడ్డ గట్టిదండి మేష్టారూ, ఇలాంటిది ఇప్పుడు రాదండి. పైన ఓ వంద వేసుకోండి మరి, ఆయ్" అందట. వేసుకున్నారు. ప్యాంటు తువ్వాలులా భుజాన వేసుకుని ఇంటికొచ్చారు. మిగతా బట్టలు ఏవని అడిగితే, "అవి నాకెందుకే" అన్నారు. అంటే మూటంతా పోయింది, క్యారేజీ పోయింది, వంద పోయింది. అమ్మ బాధంతా క్యారేజీ గురించే. మూత బాగా బిగుతుగా ఉందట.

ఆ బట్టల మీద ఆయనకి అంత పట్టుదల ఎందుకో 1996 తుపానులో చూసినవాళ్ళకి తెలుస్తుంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. నవంబరు 6 రాత్రి మా ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి. ట్రంకుపెట్టె నిండా నీళ్ళు. అమ్మ పెళ్ళి పట్టుచీర రంగు వదిలి, పక్కనున్న నూలు బట్టలన్నిటికీ అంటింది. తోటలకి తోటలు నేలకూలి ఉన్నాయి, కరెంటు లేదు, ఎండ సరిగ్గా లేదు. పంచెలు ఆరక ముక్కవాసన కొట్టాయి. ఈ చొక్కా, ఈ ప్యాంటు మాత్రం పిండి, పడిపోయిన కొబ్బరి చెట్టు మీద ఆరేస్తే మధ్యాహ్నానికి ఒంటిమీదికి వచ్చేశాయి. ఇల్లు కప్పుకునేదాకా వారాల తరబడి అవే. తర్వాత డిగ్రీలో కెమిస్ట్రీ చదివినప్పుడు కారణం తెలిసింది. నూలు మామూలు గాలిలోనే తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టుకుంటుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. టెరీకాటన్‌లో ఎక్కువ భాగం అదే. మే నెలలో ఆ చొక్కాలో ఒళ్ళు ఉడికిపోయేదీ అందుకే. అప్పుడు మాత్రం ఆయన కూడా పంచె, బనీనే.

అమ్మ నూలు చీరల దారి వేరు. బండారులంక చీరలు కట్టి కట్టి మెత్తబడ్డాక మా ఉయ్యాలలయ్యాయి, తర్వాత బొంతలయ్యాయి. ఆఖరికి గచ్చు తుడిచే గుడ్డలు. ఒక్కటీ మిగల్లేదు, ఆవిడకి ఆ దిగులూ లేదు.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. పదహారేళ్ళు. తాతయ్య చొక్కా చూసి "వింటేజ్!" అని ఒకటే గంతులు. ఫోనులో వీడియో తీసి, కాలరు పట్టుకుని సాగదీసి, "తాతయ్యా, ఇది నాకిచ్చెయ్యవా, ప్లీజ్" అంది. అడిగిందేదీ లేదనని మనిషి. ఈసారి మాత్రం "నేను వేసుకుంటున్నాను కదమ్మా" అని, ఇక మాట పెరక్కుండా గుండీలు పెట్టుకుని బయల్దేరారు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏటా అదే చొక్కా. ప్రభలంటే వెదురుతో కట్టి, రంగుల గుడ్డలతో అలంకరించి, భుజాల మీద ఊరేగించేవి.

మేమూ వెళ్ళాం. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటే చోట జనం ఒకరి మీద ఒకరు. భుజాల మీద ప్రభ నీళ్ళలోకి దిగింది, "శరభ శరభ" కేకలు మిన్నంటాయి. మా అమ్మాయి నన్ను గిల్లి ఆ పక్కకి చూడమంది. గట్టు మీద ఇంకో చొక్కా. అవే పొడుగు కాలరు కొసలు, అదే టీ రంగు. ఆ రోజు రేవులో పడుకున్న స్నేహితుడు. అమలాపురంలో కొడుకు దగ్గర ఉంటున్నారు, మోకాళ్ళ నెప్పులని నాలుగేళ్ళుగా తీర్థానికి రానివారు ఈసారి వచ్చారు.

నాన్నగారు చెయ్యి ఊపి పిలిచారు. ఆయన కర్ర ఊతంతో వచ్చి, కుశల ప్రశ్నలేమీ లేకుండా, నాన్నగారి మెడ మీద చెయ్యేసి కాలరు వేళ్ళతో నలిపి చూశారు. తన కాలరు పైకెత్తి చూపించారు. మడత మీద పీచు లేచి, కుచ్చుల్లా వేలాడుతోంది.

"ఎవడు తిప్పాడ్రా?"

"మా ఊళ్ళోనే. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు గానీ తిప్పుతాడు."

"ఎంత?"

"నలభై అంటాడు. ముప్ఫై ఇవ్వు."

ఆ సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా ఆయన మా అరుగు మీద ఉన్నారు. చేతిలో క్యారీబ్యాగు, అందులో మడత పెట్టిన చొక్కా.