గాడులు మిగిలే ఉన్నాయి, రబ్బరే గట్టిపడింది

2019 జూన్‌లో నా బండికి రెండు టైర్లూ ఒకే రోజు కొత్తవి వేయించాను. వెనక టైరును 2023 మే నెలలో, 24,600 కిలోమీటర్ల దగ్గర మార్చాను. ముందు టైరు 2024 అక్టోబరు వరకు, 36,000 కిలోమీటర్లు దాటే వరకు బండికే ఉంది. ఈ అంకెలు చూసినవారెవరైనా ముందు టైరే ఎక్కువ కాలం మన్నిందని అంటారు. నేనూ అదే అనుకున్నాను, తోటి ఉపాధ్యాయులకూ అదే చెప్పాను. ఆ మాట ఎంత తప్పో తెలిసివచ్చింది కాబట్టి, అనంతపురం ఎండల్లో బండి నడిపేవారి కోసం నా నోటుపుస్తకంలోని వివరాలను ఇక్కడ రాస్తున్నాను.

బండి 150 సీసీది. ముందు టైరు 80/100-17, వెనక టైరు 100/90-17, రెండూ ట్యూబ్‌లెస్. అనంతపురంలోని ఇంటి నుంచి బుక్కరాయసముద్రం మీదుగా శింగనమల వైపు ఉన్న మా బడికి రానూపోనూ 38 కిలోమీటర్లు. చివరి మూడు కిలోమీటర్లు మట్టిదారి, ఇరువైపులా సర్కారు కంప. ఇవి కాక నెలకో రెండు నెలలకో ఒకసారి 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి దాటి కర్నూలు దాకా వెళ్ళివస్తుంటాను.

వెనక టైరు సంగతి సూటిగానే ఉంది. ఇంజను బలమంతా దాని గుండానే రోడ్డుకు చేరుతుంది, మనిషి బరువూ సామాను బరువూ ఎక్కువగా దాని మీదే పడతాయి, అందువల్ల అది ముందుగా అరగడం సహజం. మా దారుల్లో మలుపులు తక్కువ కాబట్టి అంచుల దగ్గర గాడులు నిండుగా ఉండగానే నడుమ భాగం మాత్రం అరిగి చదునైపోయింది. 18,000 దాటాక బండిని మలుపులో వాల్చినప్పుడు చక్రం ఒక మెట్టు మీది నుంచి జారి దిగినట్టుగా అనిపించేది. మొత్తం మీద తొమ్మిది పంక్చర్లు పడితే వాటిలో ఆరు చివరి ఆరు వేల కిలోమీటర్లలోనే పడ్డాయి. రబ్బరు పలచబడిన కొద్దీ, అంతకుముందు పైపైన గుచ్చుకుని ఆగిపోయే కంపముల్లు లోపలి దాకా దిగుతుంది. గాడి అడుగున ఉండే చిన్న దిమ్మె అరుగుదల హద్దును చూపిస్తుంది. టైరు పక్కభాగం మీద టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో చిన్న త్రికోణమో ఉన్న చోటికి సూటిగా పైన వెతికితే అది కనిపిస్తుంది. చుట్టూ ఉన్న రబ్బరు దానితో సమానమైన రోజునే వెనక టైరును మార్చేశాను.

ఇక్కడ గాలి గురించి ఒక మాట చెప్పాలి. ఎండాకాలంలో టైరు పేలుతుందన్న భయంతో గాలి తగ్గించి పట్టించే అలవాటు మా వైపు చాలామందికి ఉంది, మొదటి రెండేళ్ళు నాకూ ఉండేది. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతి చుట్టుకూ ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకే లోపల వేడి పుడుతుంది, అంటే ఏ వేడికి భయపడి గాలి తగ్గిస్తున్నామో ఆ వేడినే మనం పెంచుతున్నాం. నా బండికి ముందు 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 32 పీఎస్‌ఐ ఉండాలని రాసి ఉంది. ఈ అంకెలు టైరు చల్లగా ఉన్నప్పటివి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుందన్న సంగతిని లెక్కలోకి తీసుకునే వాటిని నిర్ణయిస్తారు. అందుకే ఇప్పుడు పదిహేను రోజులకొకసారి, పొద్దున్నే, ఇంటికి దగ్గరి అంగడిలోనే గాలి చూపించుకుంటున్నాను.

ఇక ముందు టైరు. 2024 అక్టోబరు నాటికి దాని గాడులు హద్దు దిమ్మె కంటే ఇంకా ఎత్తుగానే ఉన్నాయి, పంక్చర్లు కూడా రెండే. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే చాలా రోజుల తరువాత వాన పడింది. బుక్కరాయసముద్రం చెరువు దగ్గర గొర్రెల మంద అడ్డం రాగా, ఎప్పటిలాగే ముందు బ్రేకు పట్టాను. అప్పటికి వేగం ముప్పై కూడా లేదు. ముందు చక్రం తిరగడం ఆగిపోయి నూనె మీద జారినట్టు పక్కకు పోయింది. మోకాలు, అరచేయి గీసుకుపోయాయి. వెనకాలే లారీ ఏదీ లేకపోవడం నా అదృష్టం, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడదు.

దుమ్ము, చమురు పేరుకున్న రోడ్డు మీద తొలి వాన ఎంత జారుడో ఎరిగినవాణ్ణే కనుక మొదట రోడ్డునే తప్పుపట్టాను. మరునాడు పంక్చర్ అంగడి పెద్దాయన టైరును బొటనవేలి గోటితో నొక్కి చూపించారు. గోరు దిగలేదు. పక్కనే ఉన్న కొత్త టైరును నొక్కితే గోటి గుర్తు పడి మెల్లగా మాసిపోయింది. "గాడులు చూసి మోసపోయినారు సార్, రబ్బరు చెప్పు అట్ట మాదిరి అయిపోయింది" అన్నారు. గాడుల అడుగున వెంట్రుక మందాన పగుళ్ళు కూడా ఆయనే చూపించారు. టైరు పక్కన 4818 అని ఉంది. అంటే అది 2018వ సంవత్సరం నలభై ఎనిమిదో వారంలో తయారైంది, అప్పటికి ఇంచుమించు ఆరేళ్ళ వయసుది.

కిలోమీటర్లు మాత్రమే లెక్కపెట్టిన నేను ఆ ఆరేళ్ళను పట్టించుకోలేదు. వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండలోని అతినీల లోహిత కిరణాలు కలిసి రబ్బరులోని మెత్తదనాన్ని క్రమంగా పోగొడతాయి. గట్టిపడిన రబ్బరు రోడ్డు మీది సన్నని గరుకును పట్టుకోలేదు, ఆ లోపం పొడి రోడ్డు మీద తెలియదు, తడి రోడ్డు మీద బయటపడుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగానే ఉండే మా జిల్లాలో ఈ లోపం నెలల తరబడి దాగి ఉంటుంది, అదే అసలు ప్రమాదం. దీనికి నా వాడకం కూడా తోడైంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒంటిపూట బడులు ముగిశాక మిట్టమధ్యాహ్నం మరిగే తారు మీద ఇంటికి వచ్చేవాణ్ణి. పొద్దంతా బండి నీడలేని ఆవరణలో నిలబడి ఉండేది. కరోనా కాలంలో బడులు మూసినప్పుడు నెలల తరబడి కదల్లేదు. ఓజోన్ నుంచి కాపాడేందుకు రబ్బరులో కలిపే మైనం, చక్రం తిరిగి టైరు నలుగుతున్నప్పుడే ఉపరితలానికి బాగా చేరుతుంది కాబట్టి, వాడకుండా నిలిపిన టైరుకు ఆ రక్షణ కూడా తగ్గుతుంది. ఆ కాలంలో కిలోమీటర్లు పెరగలేదని సంతోషించడం ఎంత పొరపాటో ఇప్పుడు అర్థమవుతోంది.

కొత్త ముందు టైరు కొనేటప్పుడు అంగట్లో మొదట చూపించినది మూడేళ్ళ నాటిది. తయారీ అంకెలు చూసి వేరేది అడిగితే లోపలి నుంచి తెచ్చి ఇచ్చారు, ధరలో తేడా లేదు. ఇప్పుడు బండిని బడిలో కానుగ చెట్టు నీడన నిలుపుతున్నాను. వాటర్ వాష్ చేయించినప్పుడు టైర్ల మీద నల్లని పాలిష్ పూయవద్దని ముందే చెబుతున్నాను, ఎందుకంటే అది రోడ్డును తాకే భాగానికి అంటితే కొత్త రబ్బరు కూడా జారుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం రెండు టైర్లనూ గోటితో నొక్కి చూసి నోటుపుస్తకంలో రాస్తున్నాను. కొత్త టైరు మీద 3124 అని ఉంది. గాడులు ఎంత లోతుగా మిగిలినా, 2029 వానాకాలం మొదలయ్యేలోపు దాన్ని మార్చేయాలని అదే పేజీలో రాసిపెట్టుకున్నాను.