కరెంటు కారులో పంచారామాలు: నా అనుభవం

కార్తీక సోమవారం నాడు ఒక్కరోజులో అయిదు పంచారామాలూ చూస్తానని మా అమ్మ మొక్కుకుంది. నాన్న పోయాక ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. ఆర్టీసీ వాళ్ళ స్పెషల్ బస్సు ఉంది కదా అంటే, మోకాళ్ళతో ఆ మెట్లు ఎక్కలేనంది. నా కరెంటు కారు కొని 5 నెలలైంది. భీమవరం నుంచి ఏలూరు దాటించింది లేదు. అయినా నేనే తీసుకెళ్తానమ్మా అన్నాను. వెళ్ళి వచ్చి 4 రోజులైంది. నడుం నొప్పి తగ్గింది, కోపం మాత్రం తగ్గలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

బండి బ్యాటరీ 40.5 యూనిట్లది. హైవే మీద 80 దాటకుండా నడిపితే నా చేతిలో 260, 270 కిలోమీటర్లు వస్తుంది. మొత్తం తిరుగుడు 500 పైమాటే. అంటే దారిలో కనీసం రెండుసార్లు ఛార్జింగ్ పెట్టుకోవాలి. వారం ముందే కాగితం మీద లెక్క వేసుకున్నాను. మొదటిది విజయవాడలో, రెండోది కోనసీమలో.

ఆదివారం రాత్రి 12:30కి 100 శాతంతో బయల్దేరాం. రాత్రి బండి తమ్ముడు నడిపాడు. అమరావతిలో తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున దీపాలు వదిలి, అమరేశ్వరుణ్ణి చూసుకుని, వెలుగు రాకముందే విజయవాడ వచ్చేశాం. అక్కడ 30 కిలోవాట్ల ఛార్జరు, 50 నిమిషాల్లో 27 నుంచి 85కి ఎక్కింది. తమ్ముడు డ్యూటీ ఉందని అక్కడే దిగిపోయాడు. అక్కణ్ణుంచి స్టీరింగు నాది. వెనక అమ్మ, పక్కన డిగ్రీ చదివే మా అమ్మాయి.

గుడివాడ, కైకలూరు, ఆకివీడు మీదుగా 9 దాటాక భీమవరం. గునుపూడి సోమేశ్వరుడు మా ఊరి దేవుడే. పున్నమికి తెల్లగా, అమావాస్యకి నల్లగా కనిపించే లింగం. దర్శనం గంటంబావు పట్టింది. మా ఇల్లు అక్కడికి 2 కిలోమీటర్లు, ఇంట్లో ఛార్జరు ఉంది. కాసేపు ఆగుదామే అంటే అమ్మ ససేమిరా అంది. అయిదూ పూర్తయ్యేదాకా ఇంటి గడప తొక్కకూడదట. ఆవిడ మొక్కు, ఆవిడ నియమం. నేను ఎదురు చెప్పలేదు. పాలకొల్లులో 9 అంతస్తుల గోపురం కింద నిలబడి అమ్మ మెడ వెనక్కి వాల్చి పైదాకా చూసింది. 120 అడుగులు. అక్కడికి మూడు గుళ్ళు అయ్యాయి. బ్యాటరీ 36.

చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి కోనసీమలోకి వచ్చాక ఒక సంగతి గమనించాను. హైవే మీద 85లో వెళ్తే గబగబా పడిపోయే శాతం, కొబ్బరి తోటల మధ్య 45, 50లో వెళ్తుంటే కదలనంటుంది. వేగం పెరిగేకొద్దీ గాలిని తోసుకుంటూ పోవడానికే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది. మన డెల్టాలో ఘాట్లు లేవు, ఎత్తుపల్లాలు లేవు. మెల్లగా వెళ్ళేవాళ్ళకి కరెంటు బండికి ఇంతకంటే మంచి నేల దొరకదు.

రాజోలు దాటాక హైవే పక్కన ఒక హోటలు. పేరు రాయను. యాప్‌లో అక్కడి ఛార్జరు 'ఖాళీగా ఉంది' అని పచ్చగా చూపిస్తోంది. మేం చేరేసరికి మధ్యాహ్నం 1:20, బ్యాటరీ 22. ఛార్జరు ముందు పెళ్ళివాళ్ళ పెట్రోలు కారు అడ్డంగా పెట్టి ఉంది. దాని డ్రైవరు భోజనం చేసి, చేయి కడుక్కుని, కిళ్ళీ వేసుకుని వచ్చి తీసేసరికి 20 నిమిషాలు. యాప్‌లో ముందు 500 వేస్తేగానీ మొదలవదు. వేశాను. ఓటీపీ రాలేదు. మళ్ళీ అడిగితే రెండూ ఒకేసారి వచ్చాయి. కేబులు చివరుండే గన్ను కారుకి తగిలించాను, లోపల పిన్ను పడిన చప్పుడు అయింది, మీటరు తిరగడం మొదలైంది. హమ్మయ్య అనుకుని అమ్మని నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

1.2 యూనిట్లు ఎక్కాక ఆగిపోయింది. స్క్రీన్ నల్లబడింది. సరే, ఇంకోచోట చూసుకుందామని గన్ను లాగితే రాలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు ఎవరూ లాగెయ్యకుండా గన్నుని కారే లోపలినుంచి ఒక పిన్నుతో పట్టి ఉంచుతుంది. ఛార్జింగ్ అయిపోయిందని ఛార్జరు కబురు చెప్తే పిన్ను వదులుతుంది. ఇక్కడ ఛార్జరు కబురు చెప్పకుండానే చచ్చిపోయింది. కారేమో ఇంకా ఛార్జింగ్‌లోనే ఉన్నాననుకుంటోంది. మణికట్టంత లావు కేబులుతో బండి ఆ గోడకి కట్టేసినట్టు ఉండిపోయింది. తాళం వేసి తీశాను. మళ్ళీ వేసి తీశాను. కారు ఆపి 5 నిమిషాలు ఆగాను. రాలేదు.

హోటలు మేనేజరు వచ్చాడు. నాకేసి చూడకుండా, చుట్టూ చూసి, "మీతో మగాళ్ళెవరూ రాలేదాండి?" అన్నాడు. లేదండీ, బండి నాదే, నాతో చెప్పండి అన్నాను. అయినా ఆయన నాతో మాట్లాడలేదు. పక్కనున్న వాచ్‌మన్‌తో, "గట్టిగా లాగి పాడుచేసేత్తారేమో, గన్ను లచ్చల్లో ఉంటది, ఏవన్నా అయితే ఆళ్ళే కట్టుకోవాలని చెప్పు" అన్నాడు. నేను అడుగు దూరంలో ఉన్నాను. 22 ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. లక్షల అప్పులు నా సంతకంతో వెళ్తాయి. ఆ నిమిషంలో అవేవీ పనికిరాలేదు.

ఈలోగా పంచారామాల బస్సు ఒకటి భోజనాలకి ఆగింది. దిగినవాళ్ళు దిగినట్టు చుట్టూ చేరారు. ఒకాయన కేబులు పట్టుకుని ఊపి చూశాడు. ఇంకొకాయన, "డీజిలు బండైతే ఈపాటికి సామర్లకోటలో ఉందురమ్మా" అన్నాడు. ఎవరో ఫోను తీసి వీడియో తీశారు. వద్దండీ అంటే నవ్వారు. హెల్ప్‌లైన్‌కి మూడుసార్లు ఫోను చేశాను. మొదటి రెండుసార్లూ "ఇక్కణ్ణుంచే రీసెట్ చేస్తాం, 15 నిమిషాలు ఆగండి" అన్నారు. మూడోసారి ఎత్తలేదు. అమ్మ పొద్దుటినుంచి ఉపవాసం. రాత్రి నక్షత్రం చూస్తేగానీ ఏమీ తినదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకేసి చూసినప్పుడల్లా చూపు పక్కకి తిప్పేసుకుంటోంది, నాకు బాధ కలుగుతుందని. ఏమన్నా అన్నా బాగుండేది.

దారి చూపించింది మా అమ్మాయి. మేం అందరం గన్ను దగ్గర తగువు పడుతుంటే, అది కారులో కూర్చుని ఫోనులో బండి పుస్తకం మొత్తం తిరగేసింది. "అమ్మా, బానెట్ తియ్యి" అంది. లోపల, ఛార్జింగ్ మూత ఉన్న వైపు, నల్లటి గొట్టాల వెనక చిటికెనవేలంత ఉంగరం కట్టిన సన్నటి తాడు ఉంది. వేలు దూర్చి లాగితే 'టక్' మని చప్పుడైంది. గన్ను చేతిలోకి వచ్చేసింది. పిల్లను అక్కడే గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు మేనేజరు వచ్చి, ఇంతసేపు జాగా వాడుకున్నందుకు 100 ఇమ్మన్నాడు. అలసిపోయి ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సింది. అది తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెట్రోలు బంకులో పంపు చెడిపోతే ఒక కుర్రాడు వచ్చి "ఇది పనిచెయ్యదండి, పక్కదానికి రండి" అని చెప్తాడు. ఇక్కడ యంత్రం ఒకరిది, స్థలం ఒకరిది, యాప్ ఒకరిది. జవాబు చెప్పేవాడు ఒక్కడు లేడు. రోడ్డు పక్కన పెట్టె నిలబెట్టి రంగు వేస్తే ఛార్జింగ్ స్టేషను అయిపోదు. దాని దగ్గర మనిషి ఉండాలి.

మీరు కరెంటు కారు కొన్న రోజే ఆ తాడు ఎక్కడుందో చూసి, ఒకసారి లాగి చూసుకోండి. కొన్ని బళ్ళలో బానెట్ కింద, కొన్నిట్లో డిక్కీ పక్క ఉంటుంది. యాప్‌లో పచ్చచుక్క నమ్మకండి, ఆ స్థలానికి ఫోను చేసి "ఇవాళ ఎవరైనా పెట్టుకున్నారా" అని అడగండి. 20 శాతం దాకా లాగకండి, 40 ఉండగానే వెతుక్కోండి. ఆ హోటల్లో పెరుగన్నం కూడా బాగుండదు.

అక్కణ్ణుంచి బోడసకుర్రు వంతెన, అమలాపురం, ముమ్మిడివరం. ఏసీ ఆపేశాను. ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన ఎక్కుతుంటే బ్యాటరీ 13. కింద గౌతమి నిండుగా ఉంది, చూసే మనసు లేదు. యానాంలో పెట్రోలు చవకని బంకుల దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి. కాకినాడ ఇంకా 30 కిలోమీటర్ల దూరం, అక్కడి ఛార్జరూ ఇలాగే ఉంటే? ధైర్యం చాల్లేదు. ద్రాక్షారామం దగ్గరలోని పల్లెలో మా పిన్ని ఉంటుంది. నేరుగా వాళ్ళింటికి తిప్పేశాను. 10 శాతంతో చేరాం.

పిన్ని వాళ్ళ వంటింటి వెనక 15 ఆంపుల ప్లగ్గు ఉంది. బండితో ఇచ్చిన చిన్న ఛార్జరు తగిలిస్తే పచ్చలైటు రావాల్సినచోట ఎర్రలైటు. తీసి మళ్ళీ పెట్టినా ఎరుపే. నాకు ఏడుపొక్కటే తక్కువ. బాబాయి వీధి చివరి కరెంటు పని అబ్బాయిని పిలుచుకొచ్చాడు. అతను హోల్డరుకి బల్బు, రెండు వైర్లు ఉన్న టెస్టు లాంపు తెచ్చాడు. కింది రెండు బెజ్జాల్లో పెడితే బల్బు వెలిగింది. ఒక వైరు తీసి పైన పెద్ద బెజ్జంలో పెడితే వెలగలేదు. "ఎర్తు లేదండి. అందుకే మీ బండి పుచ్చుకోట్లేదు" అన్నాడు. ఎర్తు అంటే లీకైన కరెంటుని నేలలోకి పంపేసే తీగ.

అప్పుడు పిన్ని అంది: "ఆర్నెల్లబట్టీ వాషింగ్ మెషీను ముట్టుకుంటే చురుక్కుమంటోందే. చెప్పులేసుకుని తిప్పుతున్నా."

నా గుండె ఆగినంత పనైంది. ఇంటి వెనక బట్టలుతికే రాయి పక్కన పాత ఎర్తు పైపు ఉంది. ఆ అబ్బాయి తీగ పట్టుకోగానే బిగింపు దగ్గర తుప్పు పొడిగా రాలి, తీగ చేతిలోకి ఊడి వచ్చింది. ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. అతను బాబాయి షెడ్డులో ఉన్న జీఐ పైపు తెచ్చి, కొబ్బరిచెట్టు మొదట్లో తడినేలలో సుత్తితో దించాడు. కొత్త తీగ బిగించి, బిందెడు నీళ్ళు పోసి, మళ్ళీ టెస్టు లాంపు పెట్టాడు. ఈసారి పెద్ద బెజ్జంలోనూ బల్బు నిండుగా వెలిగింది. ఛార్జరు తగిలిస్తే పచ్చలైటు. "ఇది ఇవాళ్టికండి, రేపు గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ ఏసి సరిగ్గా చేత్తాను" అన్నాడు.

ఈ ఎర్రలైటుని మోసం చెయ్యడానికి, న్యూట్రల్ వైరునే (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఎర్తుకి కలిపేసే ప్లగ్గులు ఉన్నాయి. నాకూ ఒకాయన అదే సలహా ఇచ్చాడు. చచ్చినా వాడకండి. ఆ వైరు ఎక్కడో ఊడితే బండి రేకు మొత్తానికి కరెంటు వస్తుంది.

బండి అక్కడ వదిలి ఆటోలో ద్రాక్షారామం వెళ్ళాం. రెండంతస్తుల ఎత్తున్న భీమేశ్వరుణ్ణీ, మాణిక్యాంబనీ చూసి, 7:15కి వచ్చేసరికి బ్యాటరీ 28 శాతానికి చేరింది. 8:30కి సామర్లకోటలో ఉన్నాం. క్యూ ఇంకా నడుస్తోంది. అయిదో లింగం ముందు అమ్మ చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. బయటికొచ్చి ఆకాశంలోకి చూసి, "నక్షత్రాలు వచ్చేశాయే" అని, పొద్దుటినుంచి మొదటిసారి మంచినీళ్ళు అడిగింది. ఆ ఒక్కరోజులో అయిదు గుళ్ళకీ మా అమ్మని నేను తీసుకెళ్ళాను. ఎవరేమన్నా అది నాదే.

కాకినాడలో ఒక బంకులో ఉన్న ఛార్జరు దగ్గర 25 నిమిషాలు పెట్టాం. బంకు కుర్రాడే వచ్చి గన్ను తగిలించాడు. రాత్రికి పిన్ని ఇంట్లోనే పడుకుని, మర్నాడు బండి నింపుకుని ఇంటికి వచ్చాం.

హోటలు దగ్గర యాప్‌లో వేసిన 500లో మిగిలింది ఇంకా వెనక్కి రాలేదు. రోజూ ఫోను చేస్తున్నాను, మానను. నిన్న పిన్ని ఫోను చేసింది. ఆ అబ్బాయి వచ్చి గొయ్యి తవ్వి ఎర్తు పూర్తి చేసి వెళ్ళాడట. "చెప్పుల్లేకుండా మెషీను ముట్టుకున్నానే. ఏమీ అన్లేదు" అంది.